రీసేల్‌లో డిస్నీ పాయింట్లు కొనవచ్చు, కానీ మీరు చూపించిన కాంట్రాక్టు మీకు కాదు

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెబుతాను. మీరు నలుగురు. ఏటా జూలైలో, పిల్లల బడి సెలవుల్లో, ఒక వారం ఓర్లాండో వెళ్తారు. ఈసారి డిస్నీ వెకేషన్ క్లబ్ వారి అమ్మకాల ప్రజెంటేషన్‌లో కూర్చున్నారు. ఇది టైమ్‌షేర్ సభ్యత్వం: ఒక డిస్నీ రిసార్టులో వాటా కొంటే ఏటా కొన్ని పాయింట్లు వస్తాయి, వాటితో గదులు బుక్ చేసుకోవచ్చు. అక్కడ పాయింటుకు 200 డాలర్లకు పైనే చెప్పారు. హోటల్ గదికి వచ్చి వెతికితే అవే పాయింట్లు రీసేల్‌లో, అంటే పాత సభ్యులు తిరిగి అమ్మే చోట, సగం ధరకు కనిపించాయి. మీరు చూపించిన ప్రకటన ఇది: సారాటోగా స్ప్రింగ్స్ అనే రిసార్టులో ఏటా 160 పాయింట్లు, పాయింటు 105 డాలర్లు, ఆగస్టు యూజ్ ఇయర్ (అంటే పాయింట్లు ఏటా ఆగస్టులో వస్తాయి). 2025కు పాయింట్లు లేవు, 2026కు లేవు, 2027 నుంచి 160 వస్తాయి. మీకు ఇష్టమైనది మాత్రం బీచ్ క్లబ్ రిసార్టు, అక్కడి ఈతకొలను కోసం. ‘ఇంత తేడా ఎందుకు, ఇందులో మోసం ఉందా, కొనమంటారా’ అని అడిగారు.

సూటిగా చెబుతున్నాను. రీసేల్ మోసం కాదు. కొత్తగా కొనేవారికి చాలా సందర్భాల్లో అదే సరైన దారి. కానీ ఈ కాంట్రాక్టు కొనకండి. ధర ఎక్కువని కాదు. మీరు వెళ్లే నెలకు, మీరు ఉండాలనుకునే చోటుకు, మీకు పాయింట్లు కావలసిన సమయానికి ఇది మూడు విధాలా పొసగదు. ఆ మూడూ ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే తరువాత మీరు చూడబోయే ప్రతి కాంట్రాక్టునూ ఇదే పద్ధతిలో తూచాలి.

నేను మొదటి కాంట్రాక్టు 2012లో రీసేల్‌లోనే కొన్నాను. తరువాత మరో రెండు కొన్నాను, ఒకటి అమ్మాను. స్నేహితుల కోసం, వాళ్ల స్నేహితుల కోసం ఇలాంటి కాగితాలు చాలా చదివాను. నేను బ్రోకర్‌ను కాదు, ఎవరి దగ్గరా కమిషన్ తీసుకోను.

ధరలో ఇంత తేడా ఎందుకు?

సంస్థ అమ్మే ధరలో ఆ ప్రజెంటేషన్ ఖర్చు, అమ్మకందారుల కమిషన్, మీకిచ్చిన బహుమతి కార్డు, అన్నీ ఉంటాయి. రీసేల్‌లో అవి ఉండవు. అమ్మేది మనలాంటి కుటుంబమే. పిల్లలు పెద్దవాళ్లై ఉండవచ్చు, విడాకులు కావచ్చు, ఉద్యోగం పోయి ఉండవచ్చు. వాళ్లకు డబ్బు కావాలి, మీకు పాయింట్లు కావాలి.

దానితో పాటు, రీసేల్‌లో కొన్నవారికి సంస్థ కొన్ని సౌకర్యాలు ఇవ్వదు. ఇది కొనకముందే తెలుసుకోవాలి. పాయింట్లతో డిస్నీ క్రూయిజ్ ఎక్కడం కుదరదు. సభ్యులకిచ్చే చాలా రాయితీలు, ప్రత్యేక విందుల వంటివి రావు. అన్నిటికంటే ముఖ్యమైనది 2019 జనవరి 19న వచ్చిన నిబంధన. ఆ తేదీ తరువాత రీసేల్‌లో కొన్న పాత రిసార్టుల పాయింట్లు అప్పటికే ఉన్న 14 రిసార్టుల్లోనే చెల్లుతాయి. అదే సంవత్సరం తెరిచిన రివియెరా రిసార్టులో చెల్లవు. తిరగేసి చూస్తే ఇంకా గట్టి షరతు: రివియెరా పాయింట్లు రీసేల్‌లో కొంటే రివియెరాలో తప్ప మరెక్కడా పనికిరావు. డిస్నీల్యాండ్ హోటల్ విల్లాలకు, ఫోర్ట్ వైల్డర్‌నెస్ క్యాబిన్లకు కూడా ఇదే షరతు. అందుకే రీసేల్‌లో రివియెరా ధర తక్కువగా కనిపించినా తొందరపడకండి. సారాటోగా, బీచ్ క్లబ్ రెండూ ఆ పాత పధ్నాలుగులోనివే కాబట్టి మీకు ఈ చిక్కు లేదు.

మొదటి సంగతి: హోమ్ రిసార్ట్

మీరు కొనేది ఒక రిసార్టులో వాటా. అది మీ హోమ్ రిసార్ట్. అక్కడ 11 నెలల ముందు బుక్ చేసుకోవచ్చు. మిగతా చోట్ల 7 నెలల ముందు మాత్రమే. కాగితం మీద ఇది చిన్న తేడా, వాడేటప్పుడు ఇదే అంతా. 7 నెలల గడువు వచ్చేసరికి బీచ్ క్లబ్ సొంతదారులు నాలుగు నెలల పాటు కావలసిన గదులు ఏరుకుని ఉంటారు. మిగిలిన వాటికోసం మీరు, మిగతా రిసార్టుల సభ్యులందరూ ఒకే ఉదయం పోటీపడాలి. నలుగురికి సరిపోయే స్టూడియో గది, జూలైలో, వరుసగా ఏడు రాత్రులు, బీచ్ క్లబ్‌లో... దొరికితే అదృష్టం అనుకోవాలి. అదృష్టాన్ని నమ్ముకుని పదిహేడు వేల డాలర్లు పెట్టకూడదు.

‘చవకైన చోట కొని, నచ్చిన చోట ఉందాం’ అని కొత్తవాళ్లందరికీ తోస్తుంది. వారం మధ్యలో, రద్దీ లేని నెలల్లో వెళ్లగలిగినవారికి అది కొంతవరకు సాగుతుంది. బడి సెలవులకు కట్టుబడిన వారికి సాగదు. నేను అందరికీ చెప్పే మాట ఒకటే: ఏ రిసార్టులో ప్రతి ఏడాదీ ఉన్నా మీకు సంతోషమే అనిపిస్తుందో, అక్కడే కొనండి. సారాటోగాలో ఒకసారి ఉండి చూడండి. అది చాలా పెద్ద ప్రాంగణం, పచ్చగా, ప్రశాంతంగా ఉంటుంది, దుకాణాలు, హోటళ్లు ఉండే డిస్నీ స్ప్రింగ్స్‌కు నడిచి వెళ్లవచ్చు. బీచ్ క్లబ్ నుంచి డిస్నీ పార్కుల్లో ఒకటైన ఎప్‌కాట్‌కు నడిచి వెళ్లవచ్చు. మీ పిల్లలకు ఏది ముఖ్యమో మీకే తెలుసు.

బీచ్ క్లబ్ విషయంలో ఒక మెలిక ఉంది. వీటిలో శాశ్వత యాజమాన్యం లేదు, గడువు తేదీ ఉంటుంది. బీచ్ క్లబ్ గడువు 2042 జనవరి 31. బోర్డ్‌వాక్, బౌల్డర్ రిడ్జ్ రిసార్టులకూ అదే. సారాటోగాకు 2054. గడువు దగ్గరపడే కొద్దీ పాయింటు ధర కరుగుతూ పోతుంది, చివరి రోజున సున్నా. కొందరు దీన్ని లోపంగా చూస్తారు. నాకు మాత్రం ఇది పెద్ద ఊరట. ఏదో ఒక రోజు ఈ బాధ్యత తానే ముగుస్తుంది, పిల్లల మెడకు చుట్టుకోదు.

రెండవది: యూజ్ ఇయర్. మీరు అస్సలు పట్టించుకోనిది ఇదే

యూజ్ ఇయర్ అంటే మీ పాయింట్లు ఏటా ఏ నెల మొదటి తేదీన ఖాతాలో పడతాయో అది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, జూన్, ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు, డిసెంబరు, మొత్తం ఎనిమిది రకాలు. ఆ రోజు నుంచి 12 నెలల్లో వాడుకోవాలి. వాడలేమనుకుంటే మొదటి 8 నెలల్లోపు వచ్చే ఏడాదికి బ్యాంకు చేసుకోవాలి. ఎనిమిదో నెల దాటితే ఆ దారి మూసుకుపోతుంది.

ఇప్పుడు మీ సంగతి చూడండి. ఆగస్టు యూజ్ ఇయర్. పాయింట్లు ఆగస్టు 1న వస్తాయి, బ్యాంకు చేయడానికి చివరి తేదీ మార్చి 31, అవి చెల్లిపోయేది జూలై 31న. మీరు వెళ్లేది జూలైలో. అంటే మీ ప్రతి ప్రయాణమూ పాయింట్ల ఆయుష్షు చివరి నెలలోనే పడుతుంది. మేలో ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేక ప్రయాణం మానుకున్నారనుకోండి. గది రద్దవుతుంది, పాయింట్లు ఖాతాలోకి తిరిగి వస్తాయి, కానీ బ్యాంకు చేసే గడువు మార్చిలోనే పోయింది. జూలై 31లోపు ఎక్కడికో ఒక చోటికి పరుగెత్తి వాడాలి, లేదా ఆ 160 పాయింట్లూ ఆవిరి. ప్రయాణానికి 30 రోజుల లోపు రద్దు చేస్తే ఇంకా కష్టం. అవి హోల్డింగ్ ఖాతాలోకి పోతాయి. అక్కడి పాయింట్లతో రాబోయే 60 రోజుల్లోని గదులు మాత్రమే బుక్ చేయగలం. జూలైలో అప్పటికి ఏ గది మిగులుతుంది?

అదే జూన్ యూజ్ ఇయర్ అయితే? పాయింట్లు జూన్ 1న వస్తాయి, మీ ప్రయాణం రెండో నెలలో. ముప్పై రోజుల ముందే మానుకున్నారంటే తాపీగా జనవరి 31లోపు బ్యాంకు చేసుకోవచ్చు. పాయింట్ల సంఖ్య అదే, ధర కూడా దాదాపు అదే. కానీ ఒకదానితో నిశ్చింత, మరొకదానితో ఏటా గుండెదడ. మీకు జూన్, ఏప్రిల్, మార్చి వరుసగా మంచివి. ఆగస్టు, సెప్టెంబరు వద్దు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నా మొదటి కాంట్రాక్టు కొన్నప్పుడు ధర, పాయింట్లు చూశాను, నెల చూడలేదు. మూడో ఏడాది బయలుదేరడానికి తొమ్మిది రోజుల ముందు మా చిన్నవాడికి అమ్మవారు పోసింది. పిల్లవాడి ఒళ్లంతా పొక్కులు, నేను అతని పక్కన కూర్చుని, ఫోనులో ఒక్కో రిసార్టు తెరిచి, ఏ రాత్రి ఖాళీ ఉందో వెతుకుతున్నాను. ఏదీ కుదరలేదు. 140 పాయింట్లు పోయాయి. తప్పు పూర్తిగా నాదే. యూజ్ ఇయర్ గురించి అప్పుడే ఎవరైనా ఇలా కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆ కాంట్రాక్టు కొనేవాణ్ని కాదు.

మరో మాట. ఎప్పటికైనా రెండో కాంట్రాక్టు కొంటే అదే యూజ్ ఇయర్‌లో, అవే పేర్లతో కొనండి. పత్రం మీద పేర్లు తేడా వస్తే అది వేరే సభ్యత్వం అవుతుంది. నా మొదటిది నా ఒక్కడి పేరున ఉంది, రెండోది ఇద్దరి పేర్లతో కొన్నాం. రెండు ఖాతాల్లో పాయింట్లు ఉన్నా, వాటిని కలిపి ఒక గది బుక్ చేయడం నేరుగా కుదరలేదు. ఆ ఒక్క పేరు తేడా ఎన్నాళ్లు ఇబ్బంది పెట్టిందో చెప్పలేను. ఇద్దరి పేర్లూ మొదటి రోజు నుంచే రాయించుకోండి.

మూడవది: ఖాళీ కాంట్రాక్టు

రీసేల్‌లో పాత పాయింట్లు కూడా నిల్వ ఉన్న కాంట్రాక్టులుంటాయి, రాబోయే ఏళ్ల పాయింట్లు సైతం వాడేసినవి ఉంటాయి. మీరు చూపించినది రెండో రకం. అమ్మేవారు 2025వి వాడేశారు, 2026వి కూడా ముందే అరువు తెచ్చుకుని వాడేశారు. మీకు మొదటి పాయింట్లు వచ్చేది 2027 ఆగస్టులో.

మీ 2027 జూలై ప్రయాణం ఏ యూజ్ ఇయర్‌లో పడుతుందో చూశారా? 2026 ఆగస్టు నుంచి 2027 జూలై వరకు ఉన్నదానిలో. అందులో సున్నా. కాబట్టి 2027 ఆగస్టులో రావలసినవాటిని అరువు తెచ్చుకోవాలి. ఒకసారి అరువు తెచ్చిన పాయింట్లు మళ్లీ తమ ఏడాదికి తిరిగి వెళ్లవు. 2028 జూలైకి మళ్లీ అరువే. మీరు కూడా పాత యజమాని నడిచిన బాటలోనే నడుస్తారు, ఎప్పటికీ ఒక ఏడాది వెనుక.

డబ్బు లెక్కలో దీని విలువ ఎంత? డిస్నీ పాయింట్లు సభ్యుల దగ్గర అద్దెకు తీసుకుంటే పాయింటుకు ఈమధ్య 20 డాలర్ల అటూ ఇటూ పడుతోంది. సొంతదారుకు అదే పాయింటు ఏటా మెయింటెనెన్స్ ఫీజుతో, అంటే రిసార్టు నిర్వహణ కోసం పాయింటుకు ఇంత అని కట్టే డబ్బుతో, వస్తుంది. సారాటోగాకు అది లెక్క కోసం 8 డాలర్లనుకుందాం. తేడా 12. అంటే రాబోయే ఏడాది పాయింట్లు లేని కాంట్రాక్టును 105కు కొంటే, పాయింట్లున్న దాన్ని 117కు కొన్నట్టే. 2026 మెయింటెనెన్స్ కూడా కొనేవారే కట్టాలని రాసి ఉంటే 125 అయినట్టు. చాలామంది ఈ వాక్యం చదవకుండానే సంతకం పెడతారు. ఏ ఏడాది పాయింట్లు అమ్మేవారు వాడుకున్నారో, ఆ ఏడాది మెయింటెనెన్స్ అమ్మేవారే కట్టాలి. ఇది ధర్మం, మార్కెట్‌లో ఒప్పుకునే పద్ధతి కూడా. అడగడానికి మొహమాటపడకండి.

అసలు ఖర్చు ఎంత?

పాయింటు ధర చూసి మురిసిపోతాం కానీ, ముప్పై ఏళ్లలో ఎక్కువ డబ్బు పోయేది మెయింటెనెన్స్‌కే. మీ కాంట్రాక్టునే తీసుకుందాం. 160 పాయింట్లు, 105 చొప్పున 16,800 డాలర్లు. క్లోజింగ్ ఖర్చులు, అంటే కాంట్రాక్టును మీ పేరుకు మార్చే ఖర్చులు, 700 అనుకుంటే 17,500. గడువు 2054 జనవరి వరకు, అంటే 28 ఏళ్లు. ఏడాదికి 625. పాయింటుకు దాదాపు 3 డాలర్ల 90 సెంట్లు. మెయింటెనెన్స్ 8 కలిపితే సుమారు 11 డాలర్ల 90 సెంట్లు. అద్దెకు తీసుకునే 20తో పోలిస్తే లాభమే, అందులో సందేహం లేదు.

కానీ ఆ 8 అక్కడే ఆగదు. ఏటా 4 శాతం పెరిగితే 18 ఏళ్లలో రెట్టింపు అవుతుంది. ఈ ఏడాది మీరు కట్టే 1,280 డాలర్లు అప్పటికి 2,560. ఆ ఏడాది మీరు వెళ్లినా వెళ్లకపోయినా కట్టాలి. ఉద్యోగం ఉన్నా లేకపోయినా కట్టాలి. ఇండియాకు తిరిగి వెళ్లిపోయినా కట్టాలి. పాయింట్ల వైపు మాత్రం ఒక రక్షణ ఉంది. ఒక రిసార్టులోని గదులన్నిటికీ ఏడాదికి కావలసిన మొత్తం పాయింట్లు మారవు. సంస్థ వాటిని ఒక నెల నుంచి మరో నెలకు కొంత సర్దవచ్చు, మొత్తాన్ని పెంచలేదు. గది అద్దె ధరలు ఎంత పెరిగినా ఈ మొత్తం పెరగదు. ఈ క్లబ్‌పై నాకు నమ్మకం నిలవడానికి పెద్ద కారణం ఇదే.

అప్పు చేసి మాత్రం కొనకండి. దీనికి మామూలు ఇంటి రుణం దొరకదు. ఇచ్చే సంస్థలు వేసే వడ్డీతో పైన వేసిన లాభం లెక్క తలకిందులవుతుంది. చేతిలో డబ్బు లేకపోతే, ఆ డబ్బు కూడేదాకా పాయింట్లు అద్దెకు తీసుకుని వెళ్లండి. అందులో నామోషీ ఏమీ లేదు.

ఇతర కంపెనీల పాయింట్ల సంగతి

మీరు చివర్లో ‘వేరే హోటల్ సంస్థ పాయింట్ల కాంట్రాక్టు మొత్తం ఒక్క డాలరుకే ఇస్తున్నారు, అది మేలు కదా’ అన్నారు. ఈ మాట దగ్గర నాకు భయం వేసింది, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

నాతో పనిచేసిన ఒకాయన అలాగే ఒక పెద్ద సంస్థ పాయింట్లు ఆన్‌లైన్ వేలంలో దాదాపు ఉచితంగా తీసుకున్నాడు. మొదటి రెండేళ్లు బాగా తిరిగారు. అమ్మినవారికి ఉన్న ఉన్నత సభ్యత్వ హోదా తనకూ వస్తుందనుకున్నాడు, రాలేదు. రీసేల్‌లో కొన్న పాయింట్లను హోదా లెక్కలోకి తీసుకోకపోవడం చాలా సంస్థల్లో ఉన్న పద్ధతి. తరువాత తల్లి ఆరోగ్యం దెబ్బతిని ప్రయాణాలు ఆగిపోయాయి. ఏడాదికి రెండు వేల డాలర్లకు పైగా మెయింటెనెన్స్ మాత్రం ఆగలేదు. ఒక్క డాలరుకు ఇస్తానన్నా తీసుకునేవారు లేరు. చివరకు మరుసటి ఏడాది మెయింటెనెన్స్ కూడా తానే కట్టి వదిలించుకున్నాడు. ఆ కాగితం మీద సంతకం పెట్టిన రోజు నాకు ఫోను చేసి, ‘ఇల్లు అమ్మినప్పుడు కూడా ఇంత తేలికగా అనిపించలేదు’ అన్నాడు.

ఒక్క డాలరుకు ఎందుకు ఇస్తున్నారో ఆలోచించండి. అమ్మేవారు మీకు ఆస్తి ఇవ్వడం లేదు, తమ బాధ్యతను మీ చేతిలో పెడుతున్నారు. ఆ సంస్థలన్నీ చెడ్డవని నేను అనను. మెయింటెనెన్స్‌ను మీరు వాడే రాత్రుల సంఖ్యతో భాగించి, అదే గది బయట ఎంతకు దొరుకుతుందో పోల్చండి. బయట అదే ధరకు దొరికితే ఉచితంగా వచ్చినా వద్దు. గడువు తేదీ ఉందా, లేక శాశ్వతమా అన్నదీ చూడండి.

డిస్నీ పాయింట్లకు రీసేల్‌లో ధర నిలబడడానికి ఒక కారణం, అమ్మదలిస్తే కొనేవారు దొరకడమే. కొనే ముందే అమ్మడం గురించి ఆలోచించాలి. పెళ్లిలాంటిది కాదు ఇది, బయటికి వచ్చే దారి చూసుకునే లోపలికి వెళ్లాలి.

కొనే క్రమం

ముందు బ్రోకర్. ఫ్లోరిడాలో రియల్ ఎస్టేట్ లైసెన్స్ ఉన్నవారినే ఎంచుకోండి. ఆ రాష్ట్ర లైసెన్సుల శాఖ వెబ్‌సైటులో పేరు వెతికితే తెలుస్తుంది. కమిషన్ అమ్మేవారు ఇస్తారు, సాధారణంగా మీరు భరించేది క్లోజింగ్ ఖర్చులే. ఎవరైనా ముందుగా రుసుము అడిగితే అక్కడే మాట ముగించండి.

ధర కుదిరాక ఒప్పందం మీద సంతకాలు, తరువాత డిపాజిట్. ఆ డబ్బు టైటిల్ కంపెనీ (యాజమాన్య బదిలీ పని చూసే సంస్థ) ఎస్క్రో ఖాతాలోకి, అంటే కొనుగోలు పూర్తయ్యేవరకు డబ్బును భద్రంగా ఉంచే ఖాతాలోకి, పోవాలి. అమ్మేవారికి నేరుగా ఒక్క డాలరు కూడా పంపకండి. డబ్బు పంపే ముందు, ఈమెయిల్లో వచ్చిన ఖాతా నంబరును టైటిల్ కంపెనీకి ఫోను చేసి సరిచూసుకోండి. ఆ ఫోను నంబరు కూడా ఈమెయిల్లో ఉన్నది కాకుండా మీరు సొంతంగా వెతికినది కావాలి. మధ్యలో ఎవరో ఈమెయిల్‌లోకి చొరబడి ఖాతా వివరాలు మార్చి పంపే మోసాలు ఇళ్ల అమ్మకాల్లో జరుగుతూనే ఉన్నాయి, ఇక్కడా జరగవచ్చు.

తరువాత రైట్ ఆఫ్ ఫస్ట్ రిఫ్యూజల్. మీరు కుదుర్చుకున్న అదే ధరకు, అవే షరతులకు తానే కొనుక్కునే హక్కు డిస్నీకి ఉంది. అందుకు 30 రోజులు సమయం. వదులుకుంటే మీ కొనుగోలు ముందుకు సాగుతుంది. తీసుకుంటే మీ డిపాజిట్ వెనక్కి వస్తుంది, మళ్లీ వెతుక్కోవాలి. మరీ తక్కువ ధరకు కుదుర్చుకున్నవి ఇలా పోయే అవకాశం ఎక్కువ. పోతే బాధపడకండి, అది ఎవరి తప్పూ కాదు.

ఆపైన వచ్చేది ఎస్టాపెల్ పత్రం. మొత్తం వ్యవహారంలో మీరు రెండుసార్లు చదవవలసిన కాగితం ఇదే. ఖాతాలో నిజంగా ఎన్ని పాయింట్లున్నాయి, ఏ ఏడాదివి, ఎన్ని బ్యాంకు చేసినవి, ఎన్ని అరువు వెళ్లినవి, మెయింటెనెన్స్ బాకీ ఉందా, కాంట్రాక్టు మీద అమ్మేవారు తీసుకున్న అప్పు ఉందా, ఇవన్నీ సంస్థ రాసి ఇచ్చే పత్రం. ప్రకటనలో రాసినది అమ్మేవారి మాట, ఇది ఖాతా చెప్పే మాట. నా రెండో కొనుగోలులో ప్రకటన ప్రకారం 120 పాత పాయింట్లు నిల్వ ఉండాలి. ఎస్టాపెల్‌లో 26 కనిపించాయి. అమ్మేవారు పెద్దవాళ్లు, మనవరాలి కోసం బుక్ చేసిన గది సంగతి మరిచిపోయారు. మోసం కాదు, మరుపు. బ్రోకర్ ద్వారా మాట్లాడితే ఆ మేరకు ధర తగ్గించారు. ఆ పత్రం చదవకుండా ముందుకు వెళ్లి ఉంటే ఆ 94 పాయింట్లు పోయినట్టే.

అమ్మేవారు అమెరికా పన్ను లెక్కల్లో విదేశీయులైతే ఒక పన్ను నిబంధన వర్తిస్తుంది. మినహాయింపు లేనప్పుడు, ధరలో 15 శాతం పట్టుకుని ఐఆర్ఎస్‌కు (అమెరికా పన్నుల శాఖకు) కట్టాలి. ఆ బాధ్యత చట్టం ప్రకారం కొన్నవారిదే. టైటిల్ కంపెనీ దీన్ని చూసుకుంటుంది, కానీ ఒప్పందంలో దీని గురించి ఏం రాశారో అడగండి. రేపు మీరు ఇండియాకు తిరిగి వెళ్లి, అక్కడి నుంచి అమ్మితే ఇదే నిబంధన మీకూ ఎదురుకావచ్చు.

చివరగా డీడ్, అంటే యాజమాన్య పత్రం, కౌంటీ కార్యాలయంలో నమోదవుతుంది. సారాటోగా, బీచ్ క్లబ్ రెండూ ఆరెంజ్ కౌంటీలోనివే. అక్కడి రికార్డులు ఆన్‌లైన్లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. పాత డీడ్‌లు కూడా అక్కడే కనిపిస్తాయి కాబట్టి, అమ్మేవారి పేరు నిజంగా డీడ్ మీద ఉందో లేదో ఒప్పందానికి ముందే చూసుకోండి. మొదటి సంతకం నుంచి పాయింట్లు మీ ఖాతాలో కనబడే వరకు రెండు మూడు నెలలు పడుతుందనుకోండి. ఈ వ్యవధిలో మీరు గది బుక్ చేయలేరు.

డెవలపర్ దగ్గర, అంటే నేరుగా సంస్థ దగ్గర, కొన్నవారికి ఫ్లోరిడా చట్టం 10 రోజుల రద్దు హక్కు ఇస్తుంది. ‘ఆ హక్కు వదులుకుంటున్నాను’ అని రాయించుకున్నా చెల్లదు. మీ స్నేహితులు ఎవరైనా ఆ ప్రజెంటేషన్ గదిలో సంతకం పెట్టి వచ్చి ఉంటే ఈ మాట ఈ రాత్రే చెప్పండి. రద్దు లేఖ గడువులోగా, రుజువు ఉండే పద్ధతిలో పంపాలి. రీసేల్‌లో మాత్రం అలాంటి వెసులుబాటు ఉంటుందని లెక్క వేసుకోకండి, సంతకానికి ముందే అన్నీ తేల్చుకోండి.

ఇప్పుడు మీరు చేయవలసినది

ఈ జూలైకి బీచ్ క్లబ్ పాయింట్లున్న సభ్యుల దగ్గర పాయింట్లు అద్దెకు తీసుకుని, వారం రోజులు అక్కడ ఉండండి. మధ్యలో ఒక సాయంత్రం సారాటోగాకు వెళ్లి పిల్లలతో తిరిగి చూడండి. అక్కడి నుంచి తిరిగివచ్చాక, కావలసిన పాయింట్లు ఎన్నో లెక్కవేయండి. మీకు కావలసిన గదికి, జూలై వారానికి డిస్నీ పాయింట్ల పట్టికలో ఉన్న సంఖ్య చూసి, అంతకు ఓ పది శాతం ఎక్కువ పెట్టుకోండి. పట్టిక కొంత అటూ ఇటూ సర్దినా ఇబ్బంది ఉండదు. 160 అనే సంఖ్య మీరు లెక్కవేసుకున్నది కాదు, ప్రకటనలో కనబడింది.

అప్పటికీ బీచ్ క్లబ్బే కావాలనిపిస్తే, 2042 గడువును దృష్టిలో పెట్టుకుని, పైన వేసినట్టే ఏడాదికి పాయింటు ఎంత పడుతుందో లెక్కవేయండి. జూన్ లేదా ఏప్రిల్ యూజ్ ఇయర్, ఈ ఏడాది పాయింట్లు చెక్కుచెదరకుండా ఉన్నవి చూడండి. అలాంటివి వారానికొకటి రాకపోవచ్చు, మూడు నాలుగు నెలలు వేచి ఉండవలసి వస్తుంది. నేను మూడోదానికి ఏడు నెలలు ఆగాను.

మీరు చూపించిన సారాటోగా బ్రోకర్ మళ్లీ ఫోను చేసి ‘ఇంకెవరో అడుగుతున్నారు’ అంటే, అడగనివ్వండి. మీకు నచ్చినది దొరికినప్పుడు ప్రకటనలోని పాయింట్ల వరుస, మెయింటెనెన్స్ ఎవరు కట్టాలో రాసిన వాక్యం, రెండూ ఇక్కడ పెట్టండి. పేర్లు, నంబర్లు తీసేసి పెట్టండి. ఆ రోజే చదివి చెబుతాను.